బండల ఊరికి తగ్గ రీలు కెమెరా

మా అక్క కూతురు నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. ఎండాకాలం సెలవులకు బేతంచెర్ల వచ్చి, చేతిలో అంత ఖరీదైన ఫోను పెట్టుకుని, "మామా, నాకొక రీలు కెమెరా కావల్ల, ఏది కొనల్ల?" అంది. ఫోన్లో తీసే రీల్స్ సంగతేమో అనుకున్నా మొదట. కాదంట. పాతకాలం రీలు, 36 బొమ్మలు, కడిగిస్తే గానీ ఏం పడిందో తెలియనిది. అది కూడా జేబులో పట్టాలి, బటన్ నొక్కితే చాలనుండాలి.

తను చదివి వచ్చిన సలహాలు చూపించింది. సగానికి సగం మబ్బు పట్టిన దేశాలవాళ్లు వాళ్ల కోసం రాసుకున్నవి. మన దగ్గర ఎండ ఎక్కువ, రాతి దుమ్ము ఎక్కువ, రీలు కడిగేవాళ్లు దూరం. ఈ మూడింటికీ ఓర్చుకునేదే మనకు మంచి కెమెరా, దాని మీద రాసిన పేరు తర్వాత సంగతి. ఆ పిల్లకు చెప్పినవీ, చెబుతుంటే నాకు గుర్తొచ్చినవీ వరసగా రాస్తున్నా.

1. అంగడికి పోయే ముందు అల్మరా వెతకండి.
1990ల్లో పెండ్లయిన జంట ఉన్న ఇల్లయితే పైఅరలో, పెండ్లి ఆల్బం వెనకాల, జిప్పు సంచిలో ఒక కెమెరా ఉండే అవకాశం చాలా ఎక్కువ. కొడాక్ కేబీ 10 కావచ్చు, యాషికా కావచ్చు, అంతకు ముందుదైతే హాట్‌షాట్ కావచ్చు. కడప వైపు ఇండ్లలో కువైట్ నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో దిగినవి ఇంకా మేలైనవి దొరుకుతాయి. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ పారేయలేదు.

2. దొరికిన ఉత్సాహంలో వెనక మూత తీయొద్దు.
లోపల సగం తీసిన రీలు ఉండొచ్చు. రీలును వెనక్కి చుట్టే చిన్న పిడి ఉంటే, బాణం గుర్తు చూపించిన వైపు మెల్లగా తిప్పి చూడండి. ఊరికే తిరిగితే ఖాళీ. బిగుసుకుని లాగినట్టుంటే రీలుంది. మొత్తం వెనక్కి చుట్టాకే మూత తీయాలి.

మా ఇంట్లో దొరికిన దాంట్లో అంకె 11 దగ్గర ఆగి ఉంది. చుట్టి, పాత రీలని చీటీ రాసి, హైదరాబాదుకు పంపిస్తే మూడు వారాలకు స్కాన్లు వచ్చాయి. ఎనిమిది బొమ్మలు ఉత్త గోధుమరంగు పొగ. మిగిలిన మూడింటిలో మా జేజి అరుగు మీద కూర్చుని, చేటలో బుడ్డలు పోసుకుని ఒలుస్తోంది. ఒకదాంట్లో ఆమె మొహం సగం లేదు, అక్కడ మా నాయన బొటనవేలు పడింది. ఆయన ఏ ఫోటో తీసినా ఆ వేలు ఉండేది. వేలు పడిన ఆ ఫోటోనే అక్క పెద్దది చేయించి గోడకు పెట్టింది.

3. సెల్లుల గది తెరిచి వాసన, రంగు రెండూ చూడండి.
ఇరవై ఏండ్లు కెమెరాలోనే ఉండిపోయిన పెన్సిల్ సెల్లులు కారిపోయి, ఇనుప రేకుల మీద తెల్లగానో పచ్చగానో బూజు లాంటిది పేరుకుని ఉంటుంది. అది క్షారం. కాబట్టి చెవులు తుడుచుకునే దూది పుల్లను నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి, బాగా పిండేసి, రేకును మాత్రమే రుద్దండి. బుస్సుమని చిన్న నురుగు వస్తుంది. తర్వాత తడి గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ. ఒక రోజంతా ఆరనిచ్చి కొత్త సెల్లులు వేయండి. కంటికి, చేతికి ఆ పొడి తగలకుండా చూసుకోండి. రేకు పూర్తిగా తినేసి ఊడిపోయి ఉంటే మాత్రం శ్రమ పడకండి, ఆ కెమెరా పనైపోయింది.

4. కెమెరా కంటే ముందు రీలు కడిగేవాళ్లను వెతుక్కోండి.
ఇది మొదటి చిట్కాగా రాయాల్సింది. ఒకప్పుడు స్టూడియోలో రీలిస్తే మర్నాడో మూడోనాడో ప్రింట్లు చేతికొచ్చేవి. ఇప్పుడు స్టూడియోలున్నాయి గానీ రీలు కడిగే మెషీన్లు మూలపడ్డాయి. హైదరాబాదుకో బెంగళూరుకో కొరియర్ చేయక తప్పదు. అందుకని కెమెరా కొనకముందే ఒక ల్యాబుకు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి: కలర్ రీలు కడుగుతారా, రీళ్లు ఎన్ని పోగయ్యాక కడుగుతారు, స్కాను ఎంత పెద్దగా ఇస్తారు, నెగటివ్‌లు తిప్పి పంపుతారా. చివరిది గట్టిగా అడగండి. స్కాన్లు ఫోన్లో పెట్టుకుని నెగటివ్‌లు అక్కడే వదిలేసినవాళ్లు నాకు తెలుసు, విత్తనాలు అమ్మేసి పంట కోసం చూసినట్టుంటుంది అది.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. రీలు ధర, కడగడం, స్కాను, పోయిరావడానికి కొరియర్ అన్నీ కూడి 36తో భాగించండి. ఆ అంకె చూశాక కూడా కొనాలనిపిస్తే కొనండి.

5. ఇంట్లోనే కడుక్కుందామనుకునేవాళ్లకు ఒక మాట.
బ్లాక్ అండ్ వైట్ రీలుకు మందు నీళ్లు సాధారణంగా 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మే నెలలో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేతికి చుర్రుమంటాయి. బకెట్‌లో ఐసుగడ్డలు వేసి, మందు సీసాను అందులో నిలబెట్టి, థర్మామీటరు చూసుకుంటూ కూర్చోవాలి. కలర్‌కు 38 డిగ్రీల దగ్గర కావాలి. విచిత్రంగా అది మనకు సులువు, చలిదేశంవాడు వేడి చేసుకోవాలి, మనకు కుళాయి తిప్పితే సగం దారి వచ్చేసినట్టే. కాకపోతే ఆ 38 అటూ ఇటూ అర డిగ్రీ కూడా కదలకూడదు, రంగులు మారిపోతాయి. కొత్తవాళ్లు ల్యాబుకే పంపడం మేలు.

6. రీలు సైజు 35 ఎంఎం అయితేనే ముట్టుకోండి.
బుల్లి కెమెరా అని మురిసిపోయి ఏపీఎస్ క్యాసెట్‌ది కొంటే అది షోకేసు బొమ్మే. ఏపీఎస్ 1996లో వచ్చింది, 2011కల్లా ఆ రీళ్ల తయారీ ఆగిపోయింది. తాతల కాలం ఆగ్ఫా క్లిక్ త్రీ దొరికితే అది 120 రీలుది. ఆ రీళ్లు ఇప్పటికీ వస్తాయి గానీ ఆ పెట్టె ఏ జేబులోనూ పట్టదు.

7. సెల్లు మీ వీధి అంగట్లో దొరకాలి.
పెన్సిల్ సెల్లులు రెండు వేసుకునే కెమెరా అయితే మద్దిలేటి స్వామి తిరునాళ్లలోనైనా బొమ్మల అంగట్లో దొరుకుతాయి. సీఆర్ 123ఏ, సీఆర్ 2 అనే లావు లిథియం సెల్లుల కెమెరాలు చేతికి సుఖంగా ఉంటాయి, సెల్లు చాలా రోజులు కూడా వస్తుంది, కానీ అయిపోయిన రోజు ఆర్డరు పెట్టి ఎదురుచూడాల్సిందే. అవి కొంటే ఒకటి అదనంగా తెప్పించి పెట్టుకోండి.

సెల్లే అక్కర్లేనివి కూడా ఉన్నాయి. 1967 నుంచి 1984 దాకా తయారైన ఒలింపస్ ట్రిప్ 35 లెన్సు చుట్టూ తేనెపట్టు గళ్లలాంటి సెలీనియం పలక ఉంటుంది, వెలుగుతోనే నడుస్తుంది. మన ఎండకు ఇంతకంటే ఏం కావాలి. ఆ పలక ఇంకా బతికుందో లేదో చూడటం సులువు: గుండ్రటి రింగును 'ఏ' మీద పెట్టి, లెన్సును అరచేత్తో మూసి బటన్ నొక్కితే చూసే అద్దంలో ఎర్ర జెండా లేచి షట్టర్ పడకుండా ఆపాలి. జెండా లేవలేదంటే బేరం వదిలేయండి. ఇది కోటు జేబుదే గానీ చొక్కా జేబుది కాదు, అదొక్కటే లోపం.

8. ఫోకస్ ఏ రకమో తెలుసుకుని కొనండి.
జేబు కెమెరాలు మూడు జాతులు. మొదటిది ఏమీ తిప్పనక్కర్లేనిది: నాలుగడుగుల నుంచి కొండదాకా అంతా ఓ మోస్తరు స్పష్టంగా పడుతుంది. కేబీ 10 ఆ జాతిదే, ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న కొడాక్ ఎం 35, ఒకే ఫ్రేమును రెండుగా పంచి 72 బొమ్మలు తీసే ఎక్టార్ హెచ్ 35 కూడా ఆ జాతివే. రెండోది, మనిషి, గుంపు, కొండ అని బొమ్మలు గీసి ఉంటే మనమే జరుపుకునేది: ఒలింపస్ ఎక్స్‌ఏ 2, 2024లో పెంటాక్స్ కొత్తగా తెచ్చిన 17. మూడోది తనంతట తనే ఫోకస్ చేసుకునేది. 1977లో కొనికా సీ 35 ఏఎఫ్‌తో ఈ జాతి మొదలైంది. నికాన్ ఎల్ 35 ఏఎఫ్, యాషికా టీ 4, ఒలింపస్ మ్యూ ఇలాంటివన్నీ దీని సంతానమే.

నా మాటగా అయితే, మొదటి కెమెరా మొదటి జాతిదే కొనండి. చెడిపోవడానికి అందులో ఏముంది గనక. ఐదారు రీళ్లు తిరిగాక కూడా సరదా తీరకపోతే అప్పుడు 2.8 లేదా 3.5 అంకె రాసిన లెన్సుతో ఆటోఫోకస్‌ది చూడండి. లెన్సు చుట్టూ రాసే ఆ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు లోపలికి పోతుంది.

9. పేరుకు డబ్బులు పోయకండి.
కాంటాక్స్ టీ 2, మ్యూ 2 గొప్పవే, కాదనను. కానీ వాటి ధర లెన్సును బట్టి కాదు, అవి ఎవరి మెడలో కనపడ్డాయో దాన్ని బట్టి పెరిగింది. పైగా అవన్నీ పాతికేండ్లు దాటిన ఎలక్ట్రానిక్ సరుకు, లోపలి సర్క్యూట్ పోతే బాగుచేసేవాడు నంద్యాలలో కాదు, దేశంలోనే వెతికితే గానీ దొరకడు. అదే లెన్సు నాణ్యత ఉన్న అంత పేరులేని కెమెరా పదో వంతుకు వస్తుంది.

10. జూమ్ వద్దు.
38 నుంచి 140 దాకా అని ఊరిస్తారు. జూమ్ బయటికి సాగే కొద్దీ వెలుగు తగ్గిపోతుంది, చెయ్యి వణుకు కనపడుతుంది, ఫ్లాష్ అంతదూరం పోదు. ఇవన్నీ ఎక్కడైనా ఉండే లోపాలు. మన ఊళ్లో ఇంకోటుంది. ఆ గొట్టం ముందుకు సాగేటప్పుడు సైకిల్ పంపులా బయటిగాలి పీలుస్తుంది. గాలితో పాటు మన బండల దుమ్ము.

11. ఇక దుమ్ము సంగతి.
బేతంచెర్లలో ఇది తెలియనివాళ్లు లేరు. పాలిష్ ఫ్యాక్టరీలో బండను కోస్తున్నంతసేపూ నీళ్లు పోస్తారు కాబట్టి పొడి ముద్దగా కారిపోతుంది. ఆ తెల్ల బురద దిబ్బలుగా ఎండాక లారీ చక్రం పడితే చాలు, పిండిలా లేస్తుంది. మధ్యాహ్నం తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఫోనుకు ఆ దుమ్ము ఏమీ చేయదు. రీలు కెమెరాకు చేస్తుంది.

రీలు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు జరిగేటప్పుడు, వెనక మూతకున్న నల్ల పలక దాన్ని అదిమి పట్టుకుని ఉంటుంది. ఆ పలక మీద ఒక్క రాతి రేణువు కూర్చుందంటే మొదటి బొమ్మ నుంచి 36వ దాకా ఒకే గీత, పట్టాలేసినట్టు. మనుషుల మొహాలన్నిటి మీదుగా అదే ఎత్తులో పోతుంది. ల్యాబువాళ్ల తప్పనుకుని నేనొకసారి గొడవ పడబోయాను, తర్వాత మూత తీసి వేలితో తడిమితే గరుకు తగిలింది.

అందుకని: రీలు మార్చేది ఇంట్లో, ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి. పలకను, లోపలి దారిని రబ్బరు బల్బు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. చొక్కా కొసతో లెన్సు తుడిచే అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి, ఆ కొసలో ఉన్నదీ రాతిపొడే. కెమెరాను జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును సంచిలో పెట్టండి. కొనేటప్పుడు లెన్సు మీదికి జరిగే తలుపున్నదాన్ని ఎంచుకోండి. ఒలింపస్ ఎక్స్‌ఏ వరస, మ్యూ వరస అలాంటివే, తలుపు మూస్తే కెమెరా కూడా ఆగిపోతుంది. అప్పుడు జేబులో బటన్ నొక్కుకుపోయి రీలు వృథా కాదు.

12. 400 రీలు కొనమంటే అందరి మాటా వినకండి.
ఇదే నేను మొదట్లో అన్న మబ్బు దేశాల సలహా. లెక్క చూద్దాం. నిండు ఎండలో లెన్సు 16 అంకె దగ్గర, రీలు వేగమెంతో (పెట్టె మీది 200, 400 అంకె అదే) సెకనులో అన్నో వంతు షట్టర్ వేస్తే సరైన వెలుగని ఫోటోగ్రాఫర్ల పాత లెక్క. 200 రీలైతే 16 దగ్గర సెకనులో 200వ వంతు. మార్చడానికి వీల్లేని కొడాక్ ఎం 35 ఎప్పుడూ 10 అంకె దగ్గర, 120వ వంతు దగ్గరే ఉంటుంది. అంటే మన ఎండలో 200 రీలుకే కావలసిన దానికి నాలుగింతల వెలుగు పడుతోంది. అదే 400 వేస్తే ఎనిమిదింతలు. దానికి తోడు ఎదురుగా తెల్లగా పేర్చిన బండల వరసలుంటే అవి కూడా అద్దంలా వెలుగును తిరగ్గొడతాయి.

కలర్ నెగటివ్ రీలు ఎక్కువ వెలుగును బాగానే భరిస్తుంది, తక్కువనే భరించలేదు. కాబట్టి నాలుగింతలకు ఏమీ కాదు, రంగు కాస్త పాలిపోతుందంతే. అందుకని పగలంతా బయట తిరిగే రీలుకు 200 చాలు. ఇంట్లో, మండపంలో, సాయంత్రం వేళ తీసేదైతే 400 వేయండి. రెండూ ఒకే రీలులో కుదిరించాలని చూడకండి.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కండ్ల కింద గుంటలు పడి మనుషులు రోగిష్టివాళ్లలా వస్తారు. నాలుగైదడుగుల దూరంలో ఉన్నవాళ్లకు పట్టపగలైనా ఫ్లాష్ వేయండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

13. కెమెరా వెనక అంకెలు చదువుకునే ముళ్లున్నాయో లేదో చూడండి.
1983 నుంచి రీలు డబ్బా మీద నలుపు, వెండి గళ్లు వేస్తున్నారు. డబ్బా కూర్చునే గదిలో చిన్న లోహపు ముళ్లుంటే కెమెరా వాటిని తడిమి, రీలు 200దో 400దో తనే తెలుసుకుంటుంది. ఆ ముళ్లు మురికి పట్టి ఉంటే పొరపాటు లెక్కేస్తుంది. దూది పుల్ల మీద రెండు చుక్కల స్పిరిట్ వేసి తుడిస్తే చాలు.

14. వేడికి కరిగేవి రెండు: స్పాంజి, రీలు.
వెనక మూత అంచుల్లో వెలుగు దూరకుండా నల్లటి స్పాంజి అతికించి ఉంటుంది. ఏండ్ల తరబడి మన ఇండ్ల వేడిలో ఉన్న కెమెరాలో అది తారులా జిగటగా మారుతుంది, లేదంటే ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. పన్నుపుల్లతో గీకి చూడండి. అలా ఉంటే బొమ్మల్లో ఒక పక్కన నారింజరంగు మంట కనపడుతుంది. దీనికి కెమెరా పారేయనక్కర్లేదు. స్పిరిట్‌తో పాత జిగురంతా తుడిచేసి, ఆ గాడిలో నల్ల ఊలు దారం పరిచి నొక్కండి. ఫ్యాన్సీ స్టోరులో ఒక ఉండ కొంటే పది కెమెరాలకు వస్తుంది. మా కేబీ 10కు నేను చేసింది అదే.

రీళ్లను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, కూరగాయల అరలో కొత్తిమీర పక్కన ఉన్నా తప్పులేదు. బయటికి తీశాక ఒకటి రెండు గంటలు డబ్బా మూత తీయొద్దు, తీస్తే చల్లటి రీలు మీద తేమ పడుతుంది. ఎక్కించిన కెమెరాను బండి ట్యాంకు కవరులోనో, కారు అద్దం ముందరో పెట్టి టీ తాగడానికి దిగొద్దు. తీసిన రీలును నెలల తరబడి ఉంచుకోకుండా పంపించేయండి.

అల్మరాలో ఇందు అని రాసిన పాత డబ్బా దొరికిందంటే అది మన దేశపు సరుకే. 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఆ పేరుతో అమ్మేది. ఇప్పుడు దాంతో పెండ్లి ఫోటోలు తీయడానికి సాహసించకండి, డబ్బా మాత్రం దాచుకోండి.

15. ఫ్లాష్ ఎంతదూరం పోతుందో ముందే లెక్కేసుకోండి.
జేబు కెమెరా ఫ్లాష్ బలం 100 రీలుకు పది మీటర్లు అనుకుందాం. దాన్ని లెన్సు అంకెతో భాగిస్తే దూరం. 2.8 లెన్సైతే మూడున్నర మీటర్లు. 10 లెన్సైతే ఒక్క మీటరు. 400 రీలు వేస్తే రెండింతలు, అంటే 10 లెన్సుకు రెండు మీటర్లు. ఇక బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. అక్కడ పోయి ఇరవై అడుగుల దూరంలో చుట్టాలందరినీ నిలబెట్టి నొక్కితే ముందు వరసలో ఉన్నవాళ్ల చెప్పులు కూడా పడవు. దగ్గరికి రండి, ఇద్దరిద్దరిని తీయండి.

కొనేటప్పుడు ఫ్లాష్ మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా కూత వినపడి పది పదిహేను సెకన్లలో దీపం వెలగాలి. వెలగకపోతే ఇంట్లో స్క్రూడ్రైవరు తీసుకుని మొదలుపెట్టొద్దు. లోపల ఫ్లాష్ కోసం కరెంటు నిలవ చేసే కెపాసిటర్ మూడువందల వోల్టుల దాకా ఉంటుంది, సెల్లులు తీసేసినా కొడుతుంది. మా తమ్ముడు కొట్టించుకున్నాడు. వాడి చేతిలోంచి స్క్రూడ్రైవరు ఎగిరి మజ్జిగ గ్లాసులో పడింది.

16. పాత కెమెరా చేతికిచ్చినప్పుడు ఐదు నిమిషాల పరీక్ష.
మూత తీసి, లెన్సును కిటికీ వైపు పెట్టి, వెనక నుంచి చూస్తూ బటన్ నొక్కండి. గుండ్రటి వెలుగు ఒక్కసారి మెరవాలి. లెన్సులో సాలెగూడు లాంటి పోగులుంటే బూజు. మన సీమ పొడిగాలికి అది తక్కువే గానీ విశాఖపట్నమో, మచిలీపట్నమో, సముద్రం ఒడ్డున పెరిగిన కెమెరా అయితే టార్చి వేసి మరీ చూడండి. పనికిరాని రీలొకటి దగ్గర పెట్టుకుని ఎక్కించి చూస్తే మోటారు లాగుతుందో లేదో, చివర్లో తిరిగి చుట్టుతుందో లేదో తేలిపోతుంది.

ఆన్‌లైన్‌లో అయితే 'టెస్టెడ్' అన్న మాటకు అర్థం అడగండి. సెల్లు వేస్తే దీపం వెలిగిందని కొందరి అర్థం. ఈ మధ్య ఈ కెమెరాతో తీసిన రీలు స్కాన్లు చూపించమనండి.

కెమెరాతో పాటు విదేశాల నుంచి ఎవరైనా రీళ్లు తెస్తుంటే, పెద్ద పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోమనండి, కొత్త రకం సీటీ స్కానర్ ఉంటే చేత్తో చూడమని అడగమనండి. పెద్ద పెట్టెల ఎక్స్‌రే, సీటీ రెండూ రీలును పాడుచేస్తాయి.

17. రీలు పట్టుకుందో లేదో చూడకుండా ఊరు దాటొద్దు.
ఇది నా సొంత గాయం. అప్పుడు నాకు పద్దెనిమిది. మద్దిలేటి స్వామి గుడికి ఇంటిల్లిపాది ట్రాక్టరులో పోయాం, మా చిన్నాయన కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి. రీలు ఎక్కించింది నేనే. కొండల మధ్య గుడి, మెట్ల మీద పిల్లలు, గుండుకు గంధం పూస్తుంటే ఏడుస్తున్న పసివాడు, వంట దగ్గర పొగలో పెద్దవాళ్లు, అన్నీ తీశాను. 36 దాటింది. 37, 38 కూడా పడ్డాయి. పెద్ద రీలు దొరికింది మనకు అనుకున్నా. 40 దగ్గర అనుమానమొచ్చింది. రీలు కొస పళ్ల చక్రానికి పట్టుకోకుండా జారిపోయి డబ్బా పక్కనే ముడుచుకుని కూర్చుంది. పొద్దున్నించీ ఒక్క బొమ్మా లేదు. ఆ పసివాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఏ పెండ్లిలో కలిసినా, "అన్నా, నా గుండు ఫోటో యాడుంది?" అని అడుగుతాడు.

కాబట్టి రీలు కొసను చుట్టుకునే గొట్టంలో దూర్చి, రెండు పక్కలా పళ్లు చిల్లుల్లో కూర్చున్నాక ఒక బొమ్మ మూత తెరిచే జరపండి. మూత వేశాక వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పి బిగించండి. ఆ తర్వాత ముందుకు తిప్పిన ప్రతిసారీ ఆ పిడి కూడా తిరుగుతుంటే రీలు నడుస్తోందని అర్థం. మోటారు కెమెరాల్లో అంకె 1 చూపిస్తే సరి, ఖాళీ గుర్తో సున్నానో మిణుకుతుంటే మళ్లీ ఎక్కించండి.

18. చూసే అద్దం వేరు, తీసే లెన్సు వేరు.
ఈ కెమెరాల్లో మీరు చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. అందుకే తాడు లెన్సుకు అడ్డం పడినా, వేలు పడినా మీకు కనపడదు, మా నాయనకు కనపడనట్టే. అద్దంలో గీతలు గీసి ఉంటాయి, దగ్గరివాళ్లను తీసేటప్పుడు తలలు ఆ లోపలి గీత దాటకూడదు. కండ్లద్దాలున్నవాళ్లు కొనేటప్పుడు అద్దాలతోనే చూసి, నాలుగు మూలలూ కనపడుతున్నాయో లేదో చూసుకోండి.

19. మొదటి రీలును పరీక్షకు వదిలేయండి.
పెండ్లికి, తిరునాళ్లకు కొత్త కెమెరా తొలిసారి తీసుకుపోవద్దు. మొదటి రీలు ఇంటి చుట్టుపక్కలే అవగొట్టండి. ఒక నోటుబుక్కులో అంకె, టైము, ఎండా నీడా, ఎన్నడుగుల దూరం, ఫ్లాష్ వేశారా లేదా రాసుకోండి. మూడడుగులు, ఐదు, పది, ఇరవై అని ఒకే మనిషిని నాలుగుసార్లు తీస్తే మీ కెమెరా ఎక్కడినుంచి స్పష్టంగా తీస్తుందో తేలిపోతుంది. తీయడానికి మన దగ్గర కొరతేముంది: బండల వరసలు, స్టేషను ప్లాట్‌ఫారం, యాగంటి కోనేరు, 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వి చూసిన బిళ్లసర్గం గుహల నోళ్లు. గుళ్లలో, గుహల్లో కెమెరా తీసే ముందు ఒక మాట అడగండి.

మా అక్క కూతురు చివరికి ఏమీ కొనలేదు. ఊలు దారం పెట్టిన ఆ పాత కేబీ 10నే పట్టుకుపోయింది, ఒక 200 రీలు వేసుకుని. నిన్న ఫోన్ చేస్తే ఎన్నయ్యాయని అడిగా. పద్నాలుగంట. ఉగాదికి ఊరొచ్చేదాకా మిగతావి ముట్టదంట, జేజి కూర్చున్న ఆ అరుగు మీద వాళ్లమ్మను కూర్చోబెట్టి తీయాలంట.